రెండు రోజుల్లో ఖాళీ అయ్యే ఇల్లు: హోర్డింగ్ రియాలిటీ షోలు ఏం చూపిస్తున్నాయి, ఏం వదిలేస్తున్నాయి

హోర్డింగ్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది చౌరస్తాలో నిలబెట్టిన ప్రకటన బోర్డు. ఉల్లి ధర పెరిగిన రోజుల్లో అయితే గోదాంలో బస్తాలు దాచేసిన వ్యాపారి. 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం వెంటపడేది ఆ వ్యాపారినే. ఫోన్‌లో స్క్రోల్ చేస్తుంటే ఎదురయ్యే అమెరికన్ వీడియోల్లోని హోర్డింగ్ మాత్రం ఈ రెండూ కాదు. అక్కడ ఒక మామూలు ఇల్లు ఉంటుంది. తలుపు సగమే తెరుచుకుంటుంది. లోపల నడుమెత్తు సామాను, ఆ సామాను మధ్య ఒక మనిషి. మాస్కులు, గ్లోవ్స్ వేసుకున్న బృందం వస్తుంది, బయట లారీ నిండుతుంది, చివర్లో నేల కనిపిస్తుంది.

చూసినవాళ్లకు రెండు అనుమానాలొస్తాయి. ఇది జబ్బా, బద్ధకమా? ఇల్లు ఖాళీ చేశారు కదా, మరి నయమైపోయినట్టేనా? మొదటిదానికి జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. చిక్కంతా రెండోదాంట్లో ఉంది. ఈ షోల మీద ఏళ్ల తరబడి సాగుతున్న వాదులాట కూడా దాని చుట్టూనే తిరుగుతోంది.

పోగేసుకోవడం ఎప్పుడు జబ్బవుతుంది

తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. కూడబెట్టడం అంటే మెచ్చుకోలు, దాచుకోవడం అంటే ముందుచూపు. పోగేసుకోవడం అన్న మాట కొంత దగ్గరగా వస్తుంది, కానీ అందులో జబ్బు వాసన లేదు. వైద్యులు వాడే పేరు హోర్డింగ్ డిజార్డర్. చాలాకాలం దీన్ని ఓసీడీ (అక్కర్లేని ఆలోచనలు, పనులు పదేపదే వెంటాడే జబ్బు) లక్షణాల్లో ఒకటిగానే చూశారు. 2013 మేలో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తెచ్చిన మానసిక జబ్బుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 దీనికి విడిగా చోటిచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11లో దీని కోడ్ 6బీ24. ఆ వర్గీకరణ 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

ఇంట్లో సామాను ఎంతుందన్నది ఇక్కడ మొదటి ప్రశ్న కాదు. వస్తువుకు విలువున్నా లేకపోయినా దాన్ని వదిలించుకోవడం కష్టమవుతోందా? ఉంచుకుని తీరాలనిపించడం, పారేయాలంటే బాధ కలగడం ఆ కష్టానికి కారణమా? దాంతో వాడుకునే గదులు వాడుకోలేని స్థితికి వచ్చాయా? బతుకు దెబ్బతిందా? చూసేది వీటిని. తలకు దెబ్బ తగలడం వల్లో, మరో మానసిక జబ్బు వల్లో ఇలా జరుగుతుంటే అది వేరే లెక్క.

"వాడుకునే గదులు" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మన ఇళ్లలో అటక మీద ఇత్తడి గంగాళాలు, విరిగిన ఉయ్యాల బల్ల, పిల్లల పాత పుస్తకాల మూటలు ఉంటాయి. అటక ఎంత కిక్కిరిసినా ఈ నిర్వచనం కిందికి రాదు, ఎందుకంటే అక్కడ ఎవరూ వండరు, పడుకోరు. అదే సామాను మంచం మీదికి దిగి, మనిషి కుర్చీలో కూర్చుని నిద్రపోతుంటే, పొయ్యి మీద కాగితాలు పేరుకుని వంట ఆగిపోతే, అప్పుడు లెక్క మారుతుంది.

ఆ ప్రమాణాల్లోనే ఇంకో వాక్యం ఉంది, దాన్ని చాలామంది దాటేసిపోతారు. ఇల్లు ఖాళీగా కనిపిస్తున్నా, అది కుటుంబసభ్యులో, శుభ్రం చేసేవాళ్లో, అధికారులో కల్పించుకోవడం వల్ల మాత్రమే అయితే, జబ్బు లేదనడానికి వీల్లేదు. అత్తగారు పోగేస్తూ ఉంటే ఆవిడ గుడికి వెళ్లిన పూట కోడలు సంచులు బయటపెట్టేస్తున్న ఇల్లు ఊహించుకోండి. ఇల్లు బాగానే ఉంటుంది. అత్తగారి కష్టం అలాగే ఉంటుంది. టీవీ షో చేసేది సరిగ్గా ఆ కోడలి పని, కాకపోతే లారీలతో.

నిర్ధారణ కంటే ముందే టీవీకెక్కిన జబ్బు

పోగుల ఇళ్ల మీద కుతూహలం టీవీతో పుట్టింది కాదు. 1947 మార్చిలో న్యూయార్క్ హార్లెమ్‌లో హోమర్, లాంగ్లీ కాలియర్ అనే అన్నదమ్ముల ఇంట్లోకి పోలీసులు పైఅంతస్తు కిటికీ గుండా దూరాల్సి వచ్చింది. హోమర్ శవం ముందు దొరికింది. సామాను తీస్తూ పోగా, దాదాపు పది అడుగుల దూరంలోనే ఉన్న లాంగ్లీ శవం ఏప్రిల్‌లో గానీ బయటపడలేదు. ఆ ఇంటి నుంచి వంద టన్నులకు పైగా సామాను తీశారు. వీధి నిండా జనం, పత్రికల నిండా ఫొటోలు.

టీవీ విషయానికొస్తే, 2003లో బ్రిటన్ చానల్ 4లో మురికి ఇళ్లను శుభ్రం చేసే షో వచ్చింది. అందులో మాట జబ్బు గురించి కాదు, శుభ్రత గురించి. అసలు మలుపు 2009 ఆగస్టు 17. ఆ రోజు అమెరికాలో ఏ అండ్ ఈ చానల్ "హోర్డర్స్" మొదలుపెట్టింది. 2010లో టీఎల్‌సీ "హోర్డింగ్: బరీడ్ అలైవ్" తెచ్చింది, యానిమల్ ప్లానెట్ జంతువులను పోగేసేవాళ్ల మీద మరొకటి. 2012లో చానల్ 4 "ద హోర్డర్ నెక్స్ట్ డోర్" వచ్చింది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. షో 2009లో, విడి నిర్ధారణ 2013లో. అంటే మామూలు ప్రేక్షకుడికి ఈ జబ్బు మొదట పరిచయమైంది టీవీ ద్వారానే, వైద్యగ్రంథం తర్వాత వచ్చింది. స్మిత్ కాలేజీలో రాండీ ఫ్రాస్ట్, బోస్టన్ యూనివర్సిటీలో గెయిల్ స్టెకెటీ 1990ల నుంచే దీని మీద పనిచేస్తున్నారు, కానీ ఆ పని బయటివాళ్లకు పెద్దగా తెలియదు. అందుకే జనం మనసులో ఈ జబ్బు ముఖచిత్రం షో గీసిందే అయ్యింది.

ఒక గది, ఒక డంప్‌స్టర్, పదకొండున్నర సెకన్లు

"హోర్డర్స్" ఎపిసోడ్ నడక దాదాపు ఒకేలా ఉంటుంది. మొదట గండం: మున్సిపాలిటీ నోటీసు, ఖాళీ చేయమన్న యజమాని, పిల్లలను తీసుకెళ్లిపోతామన్న అధికారులు, విడిపోతానన్న భర్త. తర్వాత ఇల్లు చూపించడం. ఆపైన చికిత్సకుడు లేదా సామాను సర్దే నిపుణుడు రావడం. అప్పుడు శుభ్రపరిచే రోజులు, సాధారణంగా రెండు మూడు. ముంగిట్లో నీలం టార్పాలిన్లు పరుస్తారు. ఉంచేది, దానమిచ్చేది, పారేసేది వేరు చేయమంటారు.

ఆ రెండు రోజుల్లో ఏం జరగాలో లెక్క వేద్దాం. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న గది. అందులో 4 అడుగుల ఎత్తున సామాను. గుణిస్తే 672 ఘనపుటడుగులు, అంటే దాదాపు 25 ఘనగజాలు. అమెరికాలో ఇంటి ముందు దించే పెద్ద చెత్తపెట్టెను డంప్‌స్టర్ అంటారు, 30 ఘనగజాల సైజు మామూలుగా దొరుకుతుంది. ఒక గదికి ఒక డంప్‌స్టర్ సరిపోతుంది. బలమైన మనుషులు ఆరుగురుంటే సాయంత్రానికి అయిపోతుంది. సామాను మోయడం దగ్గర చిక్కేమీ లేదు.

ఇప్పుడు అదే గదిలో 5,000 వస్తువులున్నాయని అనుకుందాం. కాగితం కూడా ఒక వస్తువే కాబట్టి ఇది పెద్ద అంకె కాదు. రోజుకు 8 గంటల చొప్పున రెండు రోజులు, మొత్తం 16 గంటలు. ఒక్కో వస్తువుకు దక్కేది 11.5 సెకన్లు. మీరూ నేనూ ఖాళీ పెరుగు డబ్బా గురించి ఒక సెకనులో తేల్చేస్తాం. ఈ జబ్బున్న మనిషికి ఆ డబ్బా మీద అయిదు నిమిషాలు పడుతుంది, తేలకపోనూవచ్చు. దీంట్లో విత్తనాలు మొలకెత్తించొచ్చు. మూత వేరే డబ్బాకు సరిపోవచ్చు. పారేస్తే భూమికి చేటు. కొన్న రోజు అమ్మ ఉంది. ఇవి పిచ్చి ఆలోచనలు కావు, ఒక్కొక్కటీ మనందరికీ వచ్చేదే. తేడా ఏమిటంటే, అవన్నీ ఒకేసారి, ఒకే బరువుతో వస్తాయి.

తెర మీద ఇది ఎలా కనిపిస్తుందంటే, ఒకావిడ టార్పాలిన్ పక్కన కుర్చీలో కూర్చుని చేతిలో మూతను తిప్పుతూ ఉంటుంది. వెనక లారీ ఇంజను ఆగకుండా నడుస్తుంటుంది. కూతురు గడియారం చూస్తుంది. సంగీతం పెరుగుతుంది. ప్రేక్షకుడు కూతురి పక్షం చేరతాడు. ఎడిటింగ్ అతణ్ని అక్కడే కూర్చోబెట్టింది మరి.

తనదైన కాగితం, పక్కవాడి కాగితం

ఆ మూత దగ్గర మెదడులో ఏం జరుగుతోందో 2012లో ఒక పరిశోధన కొంత చూపించింది. దాన్ని నడిపిన డేవిడ్ టోలిన్ కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో మానసిక శాస్త్రవేత్త. "హోర్డర్స్"లో కనిపించిన నిపుణుల్లో ఆయనా ఒకరు.

ప్రయోగం సాదాసీదాగా ఉంటుంది. ఇంటి నుంచి పాత ఉత్తరాలు, ప్రకటన కాగితాలు తెమ్మన్నారు. పరిశోధకులు తమవి కొన్ని కలిపారు. స్కానర్‌లో పడుకోబెట్టి ఒక్కో కాగితం చూపించి, ఉంచాలా, చించేయాలా అని అడిగారు. చించమన్నవాటిని నిజంగానే యంత్రంలో వేస్తామని ముందే చెప్పారు. 43 మంది హోర్డింగ్ ఉన్నవాళ్లు, 31 మంది ఓసీడీ ఉన్నవాళ్లు, 33 మంది ఏ జబ్బూ లేనివాళ్లు ఇందులో ఉన్నారు.

హోర్డింగ్ ఉన్నవాళ్లు తమ కాగితాల్లో మిగతావాళ్లకంటే తక్కువ చించారు, అది ఊహించిందే. ఆసక్తికరమైనది వేరే ఉంది. ఏది ముఖ్యమో, ఎక్కడ ప్రమాదముందో తేల్చడంలో పాలుపంచుకునే రెండు మెదడు భాగాలు (యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్, ఇన్సులా) పరిశోధకుల కాగితాలు చూసేటప్పుడు వీళ్లలో మందకొడిగా ఉన్నాయి. తమ కాగితం రాగానే అవే భాగాలు మామూలు కంటే ఎక్కువగా రాజుకున్నాయి. కాబట్టి బద్ధకం అన్న మాట ఇక్కడ అతకదు. అవసరానికి మించిన పని జరుగుతోంది, అదీ తనది అన్న ముద్ర ఉన్న వస్తువు దగ్గరే.

చికిత్స గదిలో జరిగేది ఎందుకు టీవీకి పనికిరాదు

దీనికోసమే ప్రత్యేకంగా అనుమతి పొందిన మందు లేదు. ఎక్కువ ఆధారాలున్నది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్సకు. దీన్నే సీబీటీ అంటారు. ఫ్రాస్ట్, స్టెకెటీ రూపొందించిన పద్ధతిలో దాదాపు 26 సెషన్లు. కొన్ని చికిత్సకుడి గదిలో, కొన్ని రోగి ఇంట్లో.

అందులో ఒక భాగం సర్దడం. గది మొత్తం కాదు, ఒక మూల, లేదా ఒకే రకం వస్తువులు. చేతిలోకి తీసుకున్న వస్తువును తేల్చకుండా మళ్లీ గుట్టలో పెట్టకూడదు. ఇది కీలకం, ఎందుకంటే హోర్డింగ్ ఇంట్లో రోజంతా సర్దుతూనే ఉంటారు. ఈ గుట్టలోది ఆ గుట్టలోకి పోతుంది, సాయంత్రానికి ఏదీ గుమ్మం దాటదు. చికిత్సకుడు వస్తువును ముట్టుకోడు, తేల్చి చెప్పడు. ప్రశ్నలు మాత్రం అడుగుతాడు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి? ఇది లేకపోతే ఏం జరుగుతుందని మీ అంచనా? ఆ అంచనాను పరీక్షించడానికి వస్తువును పారేయించి, బాధకు 0 నుంచి 100లో మార్కు వేయించి, కొన్ని రోజుల తర్వాత మళ్లీ అడుగుతాడు. మొదట 80 వేసినవాళ్లు తర్వాత 20 వేయొచ్చు. నేర్చుకునేది అక్కడే.

ఇంకో భాగం తెచ్చుకోకుండా ఉండడం. వస్తువులు పేరుకునేది పారేయలేక మాత్రమే కాదు, చాలామంది విపరీతంగా కొంటారు, ఉచితంగా వచ్చిందల్లా తెచ్చుకుంటారు. దీనికి మెట్లున్నాయి. మొదట డిస్కౌంటు దుకాణం ముందు నుంచి కారు ఆపకుండా వెళ్లిపోవాలి. తర్వాత ఆగి అద్దాల్లోంచి చూడాలి. ఆ తర్వాత లోపలికెళ్లి, నచ్చిన వస్తువు చేత్తో పట్టుకుని, తిరిగి పెట్టేసి రావాలి. ఒక మనిషి దుకాణంలోంచి ఖాళీ చేతులతో బయటికి రావడం ఎంత పెద్ద విజయమైనా, దాన్ని చూడ్డానికి ఎవరు టీవీ పెట్టుకుంటారు?

ఫలితాలను పెంచి చెప్పడం కూడా సరికాదు. 2015లో టోలిన్ బృందమే పాత అధ్యయనాలన్నీ కలిపి చూసింది. సీబీటీతో లక్షణాలు గట్టిగానే తగ్గుతున్నాయి, కానీ చాలామంది చికిత్స ముగిశాక కూడా జబ్బు గీతకు పైనే ఉంటున్నారు. నెలల తరబడి సాగే చికిత్సకే పరిస్థితి ఇది.

షోల మీద వాదం, ప్రతివాదం

షోలను సమర్థించేవాళ్ల మాటల్లో పస లేకపోలేదు. సిగ్గుతో దశాబ్దాలుగా చుట్టాలను ఇంటికి పిలవని కుటుంబాలకు ఈ సమస్యకొక పేరుందని తెలిసింది. వేల డాలర్లయ్యే శుభ్రపరిచే ఖర్చు చానల్ పెట్టుకుంటుంది. ఇంకో వారంలో ఇల్లు పోతుందన్న మనిషి 26 సెషన్లు ఆగలేడు, ఆ క్షణానికి లారీయే దిక్కు. పైగా టోలిన్ లాంటి, రాబిన్ జాసియో లాంటి చికిత్సకులు కెమెరా ముందుకు రావడం వల్ల "చెత్త మనిషి" అనే చోట "జబ్బున్న మనిషి" అన్న మాట కొంతైనా వినబడింది.

వ్యతిరేకించేవాళ్లు ముందు ఎత్తిచూపేది తొందరను. తేల్చుకునే పని వేరేవాళ్లు చేసిపెడితే ఆ నైపుణ్యం పుట్టదు, నమ్మకం మాత్రం పోతుంది. హడావుడిలో బ్యాంకు కాగితాలున్న కవరో, నోట్లు దాచిన డబ్బానో చెత్తలో పడిందంటే, "చూశారా, అందుకే పారేయనివ్వను" అన్న భయానికి సాక్ష్యం దొరికినట్టే. రాత్రిపూట డంప్‌స్టర్‌లోంచి సంచులు వెనక్కి తెచ్చుకోవడం అందుకే జరుగుతుంది. రెండోది అనుమతి గురించి. నోటీసు గడువు నెత్తిన ఉన్న మనిషి చిత్రీకరణకు సరేనంటే, దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నట్టు లెక్కేయొచ్చా? ఆ ఇల్లు ఇంటర్నెట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది.

ఈ రెండు పక్షాల్లో ఎవరిదీ అబద్ధం కాదు. సమర్థించేవాళ్లు మాట్లాడుతున్నది ఇంటి గురించి, వ్యతిరేకించేవాళ్లు మాట్లాడుతున్నది మనిషి గురించి. నాకు బలంగా కనిపించే అభ్యంతరం మాత్రం ఈ రెండూ కాదు. అది కొలబద్దకు సంబంధించింది.

9వ నంబరు ఇల్లు చూసి 4వ నంబరు ఇంటిని మరిచిపోవడం

వైద్యులు, పరిశోధకులు క్లట్టర్ ఇమేజ్ రేటింగ్ అనే ఫొటోల వరుస వాడతారు. వంటగది, పడకగది, హాలు: ఒక్కోదానికి 9 ఫొటోలు. 1లో గది శుభ్రంగా ఉంటుంది, 9లో సామాను గదిని మింగేసి ఉంటుంది. మీ గది దేనికి దగ్గరగా ఉందో చూపించమంటారు. 4, ఆపైన వస్తే పట్టించుకోవాల్సిన స్థాయి.

4వ ఫొటో చూస్తే చాలామందికి ఆశ్చర్యం వేస్తుంది. నేల ఇంకా కనిపిస్తుంటుంది, సోఫాలో చోటుంటుంది. "ఇదేం ఉంది?" అనిపిస్తుంది. టీవీకి వచ్చేవి 7, 8, 9. గండంలో ఉన్న ఇల్లే ఎపిసోడ్‌కు పనికొస్తుంది కాబట్టి మెల్లగా 4 నుంచి 5కు జరుగుతున్న ఇల్లు ఎప్పటికీ తెరకెక్కదు. ఈ జబ్బు సాధారణంగా పదకొండు, పదిహేనేళ్ల మధ్య తొలి ఛాయలు చూపి, ముప్ఫైల్లో గానీ బతుకును గట్టిగా పట్టుకోదు. కల్పించుకోవడానికి వీలైన ఆ ఇరవై ఏళ్లూ ప్రేక్షకుడి కంటికి మామూలుగానే అనిపిస్తాయి. "మా అమ్మది అంత లేదులే" అన్న మాట అక్కడి నుంచి వస్తుంది.

ప్రమాదం మాత్రం 9 దాకా ఆగదు. మెల్‌బోర్న్‌లో 1999 నుంచి 2009 వరకు పదేళ్ల ఇళ్ల అగ్నిప్రమాదాలను పరిశీలిస్తే, హోర్డింగ్ ఇళ్లలోవి అన్నింటిలో 0.25 శాతమే. నివారించగల మరణాల్లో మాత్రం వాటి వాటా 24 శాతం. మండే సరుకు ఎక్కువ, బయటపడే దారి తక్కువ, ఫైర్ సిబ్బంది లోపలికి రాలేరు. సామాను మధ్య మిగిలే సన్నని బాటలను అమెరికాలో మేకబాటలంటారు. కొందరు చికిత్సకులు అందుకే ఇల్లు ఖాళీ చేయడాన్ని పక్కనపెట్టి, ప్రమాదం తగ్గించడం నుంచే మొదలుపెడతారు: తలుపు దాకా స్ట్రెచర్ పట్టేంత దారి, పొయ్యి చుట్టూ ఖాళీ, పనిచేసే పొగ అలారం. మిగతా గుట్టలు ప్రస్తుతానికి అలాగే ఉంటాయి. ముందు, తర్వాత ఫొటోలు తీస్తే పెద్ద తేడా కనిపించదు, ప్రాణం మాత్రం నిలుస్తుంది.

ఒకే గంపలో పడిన వేర్వేరు సంగతులు

కుళ్లిన ఆహారం, మలమూత్రాలు, బొద్దింకలు చూపిస్తే ప్రేక్షకుడు ఆగి చూస్తాడు. కానీ మురికి, హోర్డింగ్ ఒకటి కావు. పోగులున్నా మురికి లేని ఇళ్లు చాలా ఉన్నాయి. మతిమరుపు జబ్బులోనో, మెదడు ముందుభాగం దెబ్బతిన్నప్పుడో ఇల్లు పాడుబడడం మరో రకం, దానికి చికిత్సా వేరు. జంతువులను పోగేయడంలో బాధ పడేది మనిషొక్కడే కాదు కాబట్టి చట్టం కూడా వస్తుంది. స్టాంపులు, పాత నాణేలు సేకరించేవాడు తన సొత్తును వరసపెట్టి, వచ్చినవాళ్లకు చూపించుకుంటాడు. హోర్డింగ్ ఉన్న మనిషి తలుపు తీయడానికే భయపడతాడు.

సర్దుడు షోలు కూడా వేరు. 2019 జనవరి 1న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన జపాన్ సర్దుడు నిపుణురాలు మారీ కొండో షోలోనూ, 2021 నుంచి బీబీసీలో స్టేసీ సోలమన్ నడుపుతున్న షోలోనూ కనిపించేవి సామాను ఎక్కువైన మామూలు కుటుంబాలు. కొండో సలహా ప్రకారం వస్తువు పట్టుకుంటే ఆనందం కలిగితే ఉంచుకోవాలి. హోర్డింగ్ ఉన్న మనిషిని అదే అడిగితే, మూత కూడా ఆనందమే ఇస్తుంది. మనకు భోగినాడు పాత చీపుళ్లు, తట్టలు మంటలో పడేయడం ఎంత తేలికో, ఆ మనిషికి అంత కష్టం.

చివరి కొన్ని సెకన్లు

"హోర్డర్స్" ఎపిసోడ్ అయిపోయే ముందు తెర మీద ఒకటి రెండు వాక్యాలు వస్తాయి. శుభ్రపరిచిన తర్వాత చికిత్సకు, సర్దే నిపుణుల సాయానికి చానల్ కొంత నిధి ఇస్తుంది, దాన్నే ఆఫ్టర్‌కేర్ అంటారు. ఆ వాక్యాలు చెప్పేది దాని గురించే: ఫలానావారు చికిత్సకుడితో పనిచేస్తున్నారు, లేదా ఆఫ్టర్‌కేర్ వద్దన్నారు. యూట్యూబ్ క్లిప్పుల్లో తరచూ కత్తెర పడేది ఈ ముక్కకే, ఎందుకంటే ఖాళీ గది అప్పటికే చూపించేశారు. మొత్తం ఎపిసోడ్ దొరికితే చివరిదాకా ఉంచి చూడండి. ఒప్పుకున్నారని ఉంటే, 26 సెషన్లలో మొదటిది అక్కడ మొదలవుతోంది.